ఆకాశానికి సీలింగు

"నాకో ఆకాశం కావాలి మేస్త్రీ" అన్నారు పాస్టరుగారు, గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

మేస్త్రి ఆశ్చర్యపోలేదు. ఇరవై రెండేళ్ళుగా ఫాల్స్ సీలింగులు వేస్తున్న మనిషి. బ్యాంకులకూ ఆస్పత్రులకూ బట్టల షాపులకూ పైకప్పు కింద ఇంకో కప్పు వేలాడదీసి, తీగలూ గొట్టాలూ అంతకుముందు పనిచేసినవాళ్ళ తప్పులూ అన్నీ దాని వెనక దాచిపెట్టడమే అతని వృత్తి. జనం ఎలాంటివి అడుగుతారో అతనికి తెలుసు. ఒకాయన పడగ్గదిలో సముద్రం అడిగాడు. ఇంకొకాయన షాపులో తన ముఖమే అడిగాడు.

"జిప్సంలోనా, పీఓపీలోనా?" అన్నాడు.

కుట్టుమిషను దగ్గర కూర్చున్న అతని భార్య కాలు ఆపింది. ఆమె ఆదివారం ఆరాధన తప్పని మనిషి. మేస్త్రి చర్చికి వెళ్ళేది పెళ్ళిళ్ళకీ అంత్యక్రియలకీ మాత్రమే. వెళ్ళినప్పుడు ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే అతను తలెత్తి పైకి చూస్తుండేవాడు. ఎంత భక్తో అని ముసలివాళ్ళు ముచ్చటపడేవారు. అతను చూసేది కప్పు మీద చెమ్మ మరకల్ని.

ఈ ఆకాశం గొడవ ఒక గాలి డోముతో మొదలైంది. నెల కిందట వీధి చివరి బడికి ఒక వ్యాను వచ్చింది. అందులోంచి దిగిన ఆపరేటరు ఒక నల్లగుడ్డలోకి గాలి ఊది, గది అంత డోము లేపి, లోపల ప్రొజెక్టరు పెట్టి మూడు రోజుల పాటు పిల్లలకి గ్రహాలూ నక్షత్రాలూ చూపించాడు. పిల్లలు పాకుతూ లోపలికెళ్ళి నోళ్ళు తెరుచుకుని బయటికొచ్చారు. తెరిచిన నోళ్ళు మూయకుండానే ఆదివారం బైబిలు క్లాసుకీ వచ్చారు.

"అయ్యగారూ, ఆకాశం పైన నీళ్ళున్నాయన్నారు కదా. అవి శనిగ్రహానికి ఇవతలా, అవతలా?" అని ఒక పిల్ల అడిగింది.

పాస్టరుగారు మంచివారు. ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చినా మొదట తలుపు తట్టేది ఆయనే. ఆయన అబద్ధం చెప్పలేరు. తెలియదని అసలే చెప్పలేరు. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో కాపురం పెడితే చుట్టుపక్కలవాళ్ళకి కొంచెం కష్టం. "వచ్చే వారం చెప్తానమ్మా" అని ఇంటికెళ్ళి, తలుపేసుకుని, బైబిల్లో ఆకాశం అన్న మాట కనబడిన ప్రతిచోటా ఎర్రసిరాతో గీత గీశారు. ఆ గీతలన్నీ కలిపి నలభై పేజీల పుస్తకం చేసి అచ్చు వేయించారు. పేరు 'ఆకాశం: అక్షరాలా'.

అందులో ఆయన తేల్చింది ఒకటే. గ్రంథంలో ఆకాశం గురించి ఉన్న ఒక్క మాట కూడా పోలిక కాదు, అలంకారం కాదు, కవిత్వం అంతకన్నా కాదు. ఉన్నది ఉన్నట్టే. భూమి కదలదు. సూర్యుడు కదులుతాడు. పైన గట్టి కప్పు, కప్పు పైన నీళ్ళు, నీళ్ళకి తూములు. పుస్తకం చదివినవాళ్ళు మెచ్చుకున్నారు. చదవనివాళ్ళు ఇంకా బాగా మెచ్చుకున్నారు.

పుస్తకంతో ఊరుకుంటే బాగుండేది. కానీ అప్పుడే చర్చి వెనక కొత్త హాలు కట్టారు. దానికింకా పైకప్పు లోపలివైపు ముస్తాబు కాలేదు.

"గాలి ఊదిన గుడ్డలో వాళ్ళు ఆకాశం చూపించారు మేస్త్రీ. మనం గట్టిది చూపిద్దాం. వాక్యంలో ఉన్నది ఉన్నట్టు. పిల్లలు తలెత్తి చూస్తే సందేహం ఉండకూడదు."

"డ్రాయింగు ఉందాండీ?"

పాస్టరుగారు సంచీలోంచి నల్ల అట్ట బైబిలు తీసి బల్ల మీద పెట్టారు. "అంతా ఇందులోనే ఉంది."

మేస్త్రి దాని మందం చూశాడు. ఇంత పెద్ద డ్రాయింగు అతనికి ఆస్పత్రివాళ్ళు కూడా ఇవ్వలేదు. ఏదో చెప్పి తప్పించుకుందామని నోరు తెరిచేలోగా మిషను వైపు నుంచి మాట వచ్చేసింది.

"చేస్తారండయ్యగారూ. మా ఆయన చేస్తారు."

మేస్త్రి భార్య వైపు ఒక చూపు చూశాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ చూపుకి ఆమె ఒక్కసారి కూడా భయపడిన దాఖలా లేదు.

ఆ రోజు నుంచి మేస్త్రి బైబిలు చదవడం మొదలుపెట్టాడు. అందరిలా కాదు. చెవిలో పెన్సిలు, చేతిలో టేపు, పక్కన నోటుబుక్కు. కాంట్రాక్టు కాగితం చదివినట్టు ప్రతి మాటా చదివి, పనికొచ్చేది నోటుబుక్కులోకి ఎక్కించేవాడు. వారం తర్వాత భార్య కుతూహలం పట్టలేక అడిగింది.

"ఎలా ఉందండీ?"

"పని బాగుంది. ఆరు రోజుల్లో అప్పజెప్పేశాడు. ఏడో రోజు సెలవు తీసుకున్నాడు. మధ్యలో ఎవరూ వచ్చి ఇలా కాదు అలా అనలేదు. అదృష్టవంతుడు." పేజీ తిప్పాడు. "ఒకటే అర్థం కాలేదు. వెలుగు మొదటిరోజే వచ్చేసింది. సూర్యుణ్ణి బిగించింది నాలుగో రోజు. మధ్యలో మూడు రోజులు వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?"

భార్య తమ్ముడు ఎలక్ట్రీషియను. మేస్త్రి పనులన్నింటికీ వైరింగు అతనిదే. గోడకానుకుని టీ తాగుతున్నవాడు తడుముకోకుండా చెప్పాడు. "టెంపరరీ కనెక్షన్ బావా. ఏ సైటులో అయినా అంతే కదా."

మేస్త్రికి అది సబబుగా తోచింది. 'రెండు సర్క్యూట్లు. వెలుగు వేరు, సూర్యుడు వేరు' అని రాసుకున్నాడు.

పని మొదలయ్యే ముందు సంఘం కమిటీ కూర్చుంది. కమిటీలో గట్టి గొంతులు రెండు. ఒకరు రిటైరైన డ్రాఫ్ట్స్‌మను. జేబులో ఎప్పుడూ వృత్తలేఖిని ఉంటుంది కాబట్టి అందరూ కంపాసుగారనేవారు. రెండో ఆయనకి టైల్స్ షాపు. ఆయన్ని టైల్సన్నయ్య అనేవారు.

"భూమి వృత్తాకారమని స్పష్టంగా ఉంది" అన్నారు కంపాసుగారు. "కాబట్టి కప్పు గుండ్రంగా రావాలి."

"భూమికి నాలుగు మూలలున్నాయని అంతకన్నా స్పష్టంగా ఉంది" అన్నాడు టైల్సన్నయ్య. "దేవదూతలు ఆ మూలల్లో నిలబడ్డారు. గుండ్రంగా కడితే ఎక్కడ నిలబడతారండీ, జారిపోరూ?"

"వృత్తానికి మూలలుండవు."

"దేవుడికి సాధ్యం కానిదేముంది?"

ఒక గంటలో కమిటీ గుండ్రంవాళ్ళూ మూలలవాళ్ళూ అని రెండుగా చీలిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు అటొకరు ఇటొకరు జరిగారు. పాస్టరుగారు ఇద్దరి వైపూ తలాడించారు. ఆయన పుస్తకంలో ఎనిమిదో పేజీలో భూమి గుండ్రం. ఇరవై ఒకటో పేజీలో నాలుగు మూలలు. రెండూ అక్షరాలా నిజమే.

మూల నుంచి మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "హాలు నలుచదరం కదండీ. మధ్యలో గుండ్రంగా డోము దించుతాను. మిగిలిన నాలుగు మూలలూ అలాగే ఉంటాయి."

కమిటీ నిట్టూర్చింది. వేల ఏళ్ళుగా నలుగుతున్న సమస్య ఒక జిప్సం బోర్డుతో తీరిపోయింది.

"ఇంకొకటండీ" అన్నాడు మేస్త్రి, నోటుబుక్కు చూస్తూ. "భూమి స్తంభాల మీద నిలబడిందని ఒకచోట ఉంది. ఏమీ లేనిదాని మీద వేలాడుతోందని ఇంకోచోట ఉంది. స్తంభాలైతే సరే. ఏమీ లేనిదానికి వేలాడదీయడం నాకు రాదు. ఎంత లేదన్నా ఒక తీగైనా ఉండాలి."

హాల్లో ఎలాగూ ఆరు స్తంభాలున్నాయి కాబట్టి స్తంభాలే గెలిచాయి.

నక్షత్రాల దగ్గర పాస్టరుగారే తీర్పు చెప్పారు. చివరి రోజుల్లో నక్షత్రాలు చెట్టు నుంచి అంజూరపు కాయల్లా భూమ్మీద రాలతాయి. అవి రాలాక కూడా భూమి ఉంటుంది. కాబట్టి నక్షత్రం కాయంతే ఉండాలి. అలా మూడువందల చిన్న బల్బులు, ఒక్కోటీ కాయంత, డోముకి అతికించారు. సూర్యుడు గుడారంలోంచి పెళ్ళికొడుకులా బయటికొస్తాడని ఉంది కాబట్టి తూర్పు గోడకొక గుడారం, పడమర గోడకొక గుడారం మేస్త్రి భార్య కుట్టి ఇచ్చింది. పెళ్ళికొడుకంటున్నారు కదా అని అంచుకి జరీ కూడా వేసింది. సూర్యుడంటే పెద్ద పళ్ళెమంత దీపం. దాన్ని నడిపించడానికి బావమరిది హోటళ్ళలో పరదాలు జరిపే మోటారు తెచ్చాడు. వంపు తిరిగిన పట్టా మీద అది తూర్పు గుడారంలో బయల్దేరి, డోము నడినెత్తి మీదుగా మూడు గంటల్లో పడమర గుడారంలోకి చేరుతుంది.

ఇక మిగిలింది నీళ్ళు.

"కప్పు పైన నీళ్ళుండాలి మేస్త్రీ. బొమ్మ నీళ్ళు కాదు, నిజం నీళ్ళు."

"జిప్సం నీళ్ళని మొయ్యదండీ."

"విశ్వాసం ఉంటే మోస్తుంది."

"విశ్వాసం మీదండీ, స్క్రూలు నావి. కింద కూర్చునేది పసిపిల్లలు."

మంచిమనిషి కాబట్టి పసిపిల్లల మాట దగ్గర పాస్టరుగారు ఆగారు. రెండు రోజులు ఉపవాసముండి, మూడోరోజు దిగొచ్చారు. డోము పైన అసలు శ్లాబు కింద ఉన్న ఇనప దూలం మీద తాగేనీళ్ళ క్యాన్లు ఆరు, సీలు తీయకుండా, వరసగా పెట్టారు. కింద నీళ్ళని పై నీళ్ళ నుంచి కప్పు వేరుచేసింది. సృష్టి పూర్తయింది, మూతలతో సహా.

ప్రారంభం ఆదివారం పొద్దున తొమ్మిదింటికి. వెలుగు బయటి నుంచి రాకూడదని హాలు కిటికీలన్నింటికీ నల్లకాగితం అంటించారు. ఫోన్లు గుమ్మంలో బుట్టలో పెట్టించారు. పాస్టరుగారు పట్టుబట్టి గాలి డోము ఆపరేటరుని కూడా పిలిపించారు, సత్యాన్ని కళ్ళారా చూసుకుంటాడని. అతను వెనక వరసలో మేస్త్రి పక్కన కూర్చుని డోము వైపు చూసి, "జాయింటు ఒక్కటి కూడా కనబడటం లేదండీ. ఎలా కలిపారు?" అని అడిగాడు. మేస్త్రికి ఆ క్షణం నుంచీ అతనంటే ఇష్టం ఏర్పడింది.

"ఈ రోజు మనకు గడియారం లేదు!" అన్నారు పాస్టరుగారు వేదిక మీద నుంచి. "దేవుడు కాలానికి గుర్తుగా సూర్యుణ్ణి పెట్టాడు. అదిగో, ఆ సూర్యుడు పడమటి గుడారంలోకి వెళ్ళేదాకా ఆరాధన. అంతకుముందు ఎవరూ లేవరు."

సూర్యుడు ఉదయించాడు. జరీ అంచు తొలగించుకుని దీపం బయటికి రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. మేస్త్రి భార్య పక్కావిడని మోచేత్తో పొడిచింది, గుడారం తనదేనని. పాటలయ్యాయి, ప్రార్థనలయ్యాయి. పాస్టరుగారు సృష్టి నుంచి మొదలుపెట్టి, జలప్రళయం మీదుగా, యుద్ధంలో సూర్యుణ్ణి ఆగమన్న సేనాని దగ్గరికి వచ్చేసరికి పదిన్నరైంది. దీపం సరిగ్గా నడినెత్తిన ఉంది.

"ఆగమన్నాడు!" అన్నారు పాస్టరుగారు చెయ్యి పైకెత్తి. "మనిషి మాటకి సూర్యుడు ఆగాడు! శాస్త్రజ్ఞులు నవ్వుతారు. నవ్వనీ. ఆగాడా లేదా?"

పైన టక్కుమంది. సూర్యుడు ఆగిపోయాడు.

ముందు ఎవరూ గమనించలేదు. తర్వాత ఒక ముసలావిడ వేలు పైకెత్తి చూపించింది. తర్వాత హాలు హాలంతా లేచి నిలబడింది. అరుపులు, ఏడుపులు, స్తోత్రాలు. పాస్టరుగారు చెయ్యి దించడం మర్చిపోయారు. స్విచ్చుల దగ్గరున్న బావమరిది మేస్త్రి వైపు చూసి, పెదవులు మాత్రం కదిలించాడు. "పట్టాలో ఏదో ఇరుక్కుంది బావా."

మేస్త్రి లేవబోయాడు. పాస్టరుగారి చూపు అతని మీద పడింది. "ఎవరూ కదలొద్దు! మనిషి చెయ్యి దాన్ని తాకకూడదు!"

మేస్త్రి కూర్చున్నాడు. పక్కనున్న ఆపరేటరు వంగి గుసగుసలాడాడు. "మా శనిగ్రహం కూడా వారానికోసారి ఇలాగే ఇరుక్కుంటుందండీ."

"అప్పుడేం చేస్తారు?"

"'ఇప్పుడు శనిగ్రహాన్ని జాగ్రత్తగా గమనిద్దాం పిల్లలూ' అంటాను. ఈలోగా వెనక నుంచి ఒక తాపు తంతాను."

మొదటి గంట ఆనందంలో గడిచింది. రెండో గంట కృతజ్ఞతలో గడిచింది. మూడో గంటలో పిల్లలు ఆకలన్నారు. బాత్రూం అన్నవాళ్ళని కూడా పాస్టరుగారు యుద్ధభూమి వదిలి వెళ్ళకూడదన్నట్టు చూశారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళారనుకోండి, కానీ వంగి వెళ్ళారు. హాల్లో తాగడానికి నీళ్ళు లేవు. ఉన్న నీళ్ళన్నీ ఆకాశం పైన ఉన్నాయి.

ఒంటిగంటన్నరకి కంపాసుగారికి ఒక అనుమానం వచ్చింది. ఆయన బైబిలు తెరిచి, వేలుపెట్టి చదివి, పక్కవాళ్ళకి చూపించారు. ఆ చూపించడం వరస నుంచి వరసకి పాకింది. సేనాని ఆగమన్నప్పుడు సూర్యుడు ఇంచుమించు ఒక నాడంతా కదల్లేదట.

"అంటే?" అన్నాడు టైల్సన్నయ్య, గొంతు తగ్గించి.

"అంటే రేపు పదిన్నర దాకా."

ఆదివారం మధ్యాహ్న భోజనం తర్వాత నిద్రపోకుండా ఉన్నది టైల్సన్నయ్య జీవితంలో రెండుసార్లే. "ఇంచుమించు అని ఉంది కదండీ" అన్నాడు. "ఇంచుమించంటే... అలా లెక్కగా పట్టుకోకూడదు. భావం తీసుకోవాలి."

"నాడు అంటే పగలు మాత్రమే అని కూడా చెప్పొచ్చు" అన్నారు కంపాసుగారు.

"దేవుడి దృష్టికి ఒక నాడంటే వెయ్యేళ్ళని కూడా..." అని ఎవరో అనబోతే నలుగురూ కలిసి నోరు మూయించారు.

"అసలు యుద్ధం అంటేనే ఆత్మీయ యుద్ధం" అంది ఒకావిడ. "అది ఇంటి దగ్గర కూడా చేసుకోవచ్చు."

ఒక్క మాట కూడా అలంకారం కాదన్న పుస్తకాన్ని చేతుల్లో పెట్టుకునే, రెండింటికల్లా ఆ హాల్లో ప్రతి మనిషీ అలంకారశాస్త్రంలో పండితుడైపోయాడు. పోలికలు, సూచనలు, లోతైన అర్థాలు ఒకదాని మీద ఒకటి పుట్టుకొచ్చాయి. పొద్దున నిండుకడుపుతో ఉన్నప్పుడు ఒక్కరికీ తట్టనివి. గుండ్రంవాళ్ళూ మూలలవాళ్ళూ కూడా ఈ విషయంలో ఏకమయ్యారు.

పాస్టరుగారికి ఇవి వినబడుతూనే ఉన్నాయి. ఆయన గొంతు బొంగురుపోయింది. చెప్పిందే మళ్ళీ చెబుతున్నారు. అందరికన్నా ఆకలి ఆయనకే, ముందురోజు నుంచీ ఉపవాసం కాబట్టి. కానీ ఆగమని తనే అడిగారు, ఆగింది. ఇక చాలు, కదులు అని ఎలా అడగాలో ఆయన గీతలు గీసిన ఏ పేజీలోనూ లేదు.

మూడింటికి మేస్త్రి భార్య లేచింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వంగకుండా, తిన్నగా నడిచి తలుపు దాకా వెళ్ళి, గడియ తీసి బయటికెళ్ళింది. తెరిచిన తలుపులోంచి ఎండ ముక్క ఒకటి నేల మీద పడింది. హాలంతా దాని వైపు తిరిగింది. ఆమె తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అయ్యగారూ."

"ఏంటమ్మా?"

"బయట సూర్యుడు వాలాడండి. బడి గోడ దాకా వచ్చేసింది ఎండ. ఆ సూర్యుణ్ణి చేసినాయన దాన్ని ఆపలేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఈ సూర్యుణ్ణి చేసింది మా ఆయన. ఇది ఆగింది. నిచ్చెన వేసుకోనిస్తే ఆయనే బాగుచేస్తారు. పిల్లలు పొద్దున ఎప్పుడో తిన్నారండి."

పాస్టరుగారు ఆమెను చూశారు. తర్వాత నేల మీద పడ్డ ఎండని చూశారు. తర్వాత ముందు వరసలో తల్లి ఒళ్ళో వాలిపోయిన ఒక పిల్లవాణ్ణి చూసి, మెల్లగా మైకు పక్కన పెట్టేశారు.

"నిచ్చెన వెయ్యి మేస్త్రీ" అన్నారు. అరిచి అరిచి ఉన్నందువల్ల ఆ మాట సరిగ్గా వినబడలేదు. కానీ బావమరిది అప్పటికే నిచ్చెన తెచ్చేశాడు.

మేస్త్రి ఎక్కాడు. పట్టా వెంబడి వేలితో తడుముతూ దీపం దాకా వెళ్ళి, రెండు వేళ్ళతో ఏదో బయటికి తీశాడు. కింద అందరూ మెడలు సాచారు.

"ఏమైంది బావా?"

మేస్త్రి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "నక్షత్రం రాలింది."

వెనక నుంచి ఎవరో స్తోత్రం అన్నారు. అన్నావిడని చుట్టూ ఉన్నవాళ్ళు ఎలా చూశారంటే, ఆవిడ మిగతా స్తోత్రాన్ని మింగేసింది. జిగురు ఊడిన బల్బు చక్రానికి అడ్డుపడిందంతే. అది తీయగానే మోటారు మూలిగి, సూర్యుడు కదిలాడు. పడమటి గుడారం చేరేదాకా చూడటానికి మాత్రం హాల్లో ఎవరూ మిగల్లేదు. గుమ్మంలో ఫోన్ల బుట్ట దగ్గర తొక్కిసలాట.

మర్నాడు సాయంత్రం పాస్టరుగారు ఒక్కరే మేస్త్రి ఇంటికొచ్చారు. ముందు గదిలో కూర్చుని, మేస్త్రి భార్య ఇచ్చిన మజ్జిగ సగం తాగి, గ్లాసు చేత్తో తిప్పారు.

"నేనేమైనా అబద్ధం చెప్పానా మేస్త్రీ?"

"లేదండీ. మీరు నమ్మిందే చెప్పారు."

"నువ్వు మొత్తం చదివావు కదా. నీకేమనిపించింది?"

మేస్త్రి చెవిలో పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇలాంటి ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. "నాకు పనివాడి బుద్ధే అయ్యగారూ. జలప్రళయం ఓడ ఉంది కదండీ, దానికి పొడవు వెడల్పు ఎత్తు అన్నీ ఇచ్చారు. ఏ చెక్కో ఇచ్చారు, లోపల ఏం పూయాలో ఇచ్చారు. దేవుడి గుడారానికి ఇచ్చారు. గుడికి ఇచ్చారు, తలుపు మడతబందులతో సహా. అది పని తెలిసినవాడి రాత. నేను రేపు చెయ్యమన్నా చేసేస్తా." చూపుడువేలు పైకెత్తాడు. "ఆకాశానికి మాత్రం ఒక్క కొలతా ఇవ్వలేదండీ. అన్ని పేజీల్లో ఎక్కడా లేదు. మర్చిపోయే మనిషి కాడు. ఇవ్వదల్చుకోలేదేమో."

పాస్టరుగారు గ్లాసులో అడుగున మిగిలింది తాగేసి, "అమ్మా, ఇంకొంచెం ఉందా?" అన్నారు.

తర్వాతి ఆదివారం ఆరాధన మామూలు చర్చిలో, మామూలు గడియారంతో, గంటంబావులో ముగిసింది. పుస్తకం ప్రతులు అప్పటికే ఇల్లిల్లూ చేరిపోయాయి, వెనక్కి తీసుకోవడం కుదరదు. పాస్టరుగారు ఇంటింటికీ తిరిగి మొదటి పేజీలో ఒక చీటీ అతికించి వచ్చారు. 'ఇందులోని కొలతలు రచయితవి' అని ఉంటుంది దాని మీద. చదవకుండా మెచ్చుకున్నవాళ్ళు చీటీని కూడా చదవకుండా మెచ్చుకున్నారు. బైబిలు క్లాసు పిల్లలు ఏదడిగినా ఇప్పుడాయన "తెలీదు, మీరేమనుకుంటున్నారు?" అంటున్నారట. దాంతో క్లాసు ఎప్పటికీ అవడం లేదని తల్లులకి కోపం.

పది రోజులకి మేస్త్రి ఇంటికి ఇంకో ఊరి సంఘంవాళ్ళు ముగ్గురు కారులో వచ్చారు. సూర్యుడు ఆగిన సంగతి వాళ్ళ దాకా వెళ్ళింది, దారిలో కొంచెం పెరిగి. తమ హాలు ఫోటోలు చూపించి, తమకీ అలాంటి ఆకాశమే కావాలన్నారు.

"ఆగకుండా తిరిగేది చేస్తానండీ. పోయినసారి జిగురు సరిగ్గా పట్టలేదు" అన్నాడు మేస్త్రి.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "అబ్బే, ఆగేదే కావాలి బ్రదర్" అన్నాడు పెద్దాయన.

"ఎంతసేపు ఆగాలండీ?"

"పది నిమిషాలు చాలు. ఆ తర్వాత భోజనాలున్నాయి."

మేస్త్రి భార్య మిషను కుడుతూనే నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. మేస్త్రి కొత్త నోటుబుక్కు తీసి, హాలు పొడవెంతో వెడల్పెంతో చెప్పమన్నాడు.